తొక్కి చెరపడానికే వేసిన బొమ్మ: ర్యాంప్ మీద ఇసుక కథ

ఈ ఎపిసోడ్ నిజానికి ఒక వీడియో క్లిప్‌తో మొదలవ్వాలి. కానీ ఆ క్లిప్ నా దగ్గర సరిగ్గా లేదు. ఎందుకంటే అది జరిగిన పదకొండు నిమిషాలూ నేను స్టేజీ పక్కన చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాను.

విషయం ఏంటంటే, మా ఏరియాలో ఒక కాలేజీ ఫెస్ట్ జరిగింది. అందులో చేనేత ఫ్యాషన్ షో పెట్టారు. వెంకటగిరి చీరలు కట్టుకుని అమ్మాయిలు ర్యాంప్ మీద నడుస్తారు. ఆ ర్యాంప్ మీద కార్పెట్ వద్దు, ఇసుకతో బొమ్మ వెయ్యాలి, నడిచేకొద్దీ అది చెరిగిపోవాలి, అదీ వాళ్ళ ఐడియా. నేను అప్పుడప్పుడు బీచ్‌లో ఇసుక బొమ్మలు చేస్తానని ఎవరో చెప్పారట, నన్ను పిలిచారు. నాతో పాటు ఇంకో నలుగురు ఫ్రెండ్స్. ఆరు గంటలు వంగి వంగి వేశాం. పదకొండు నిమిషాల్లో పోయింది.

మాది కోట. రాజస్థాన్ కోటా కాదండోయ్, ఐఐటీ కోచింగ్ గురించి కామెంట్లు పెట్టకండి. గూడూరు నుంచి సముద్రం వైపు వస్తే, స్వర్ణముఖికి దగ్గర్లో ఉండే కోట. జిల్లాల హద్దులు, పేర్లు మారుతుంటాయి గానీ, ఎవరైనా ఏ ఊరని అడిగితే మా నోట్లోంచి వచ్చేది నెల్లూరే.

ఆ ఐడియా విన్నప్పుడు నేను చాలా కొత్తగా ఉందనుకున్నా. ఇంటికొచ్చి మా అవ్వకి చెప్పా. ఆమె చింతపండు గింజలు తీస్తా, తల కూడా ఎత్తకుండా అనింది: "దాంట్లో కొత్తేముంది అబ్బయ్యా? మన వాకిట్లో ముగ్గు తొక్కకుండా ఇంట్లోకి ఎవురొచ్చినారు?"

అక్కడ మొదలైంది నా వెతుకులాట. ఈ రోజు చెప్పబోయేదంతా అదే.

ముందు ముగ్గు సంగతి. మనం ముగ్గుని ఆర్ట్ అనుకోం, ఇంటిపని అనుకుంటాం. కానీ పాతకాలం పుస్తకాల్లో దీనికి ఒక పేరుంది: ధూళి చిత్రం. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో 'మానసోల్లాసం' అనే పెద్ద సంస్కృత గ్రంథం రాయించాడు. వంటల దగ్గర నుంచి ఏనుగుల దాకా అన్నీ ఉంటాయి అందులో. చిత్రకళలో రకాలు చెప్పేచోట, గోడ మీద వేసే బొమ్మలతో పాటు పొడితో నేల మీద వేసే ఈ ధూళి చిత్రం కూడా ఉంది. అంటే తొమ్మిది వందల ఏళ్ళ కిందటే దీన్ని కూడా చిత్రకళ లెక్కలోనే వేశారు. తర్వాత ఎప్పుడో మనమే దాన్ని చీపురు, కల్లాపి పక్కన పెట్టేశాం. ఆడవాళ్ళు రోజూ చేస్తారు కాబట్టే దానికి విలువ లేకుండా పోయిందని నా అనుమానం. మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు.

ముగ్గుకి వాడే పొడి కూడా చూడండి. బియ్యప్పిండి అయితే చీమలకి, పిచ్చుకలకి తిండి. ముగ్గురాయి పొడి అయితే తెల్లగా, బరువుగా, వేళ్ళ మధ్య నుంచి సన్నటి ధారలా జారుతుంది. మంగంపేట గనుల్లో దొరికే బెరైటీస్‌ని మనవాళ్ళు ముగ్గురాయి అనే అంటారు. అదే రాయిని చమురు బావులు తవ్వేటప్పుడు డ్రిల్లింగ్ బురదలో బరువు కోసం కలుపుతారు. మనం పొద్దున్నే వాకిట్లో చల్లే పొడి, సముద్రం మధ్య చమురు బావిలో పోసే పొడి ఒకే జాతి అన్నమాట.

మన పక్క రాష్ట్రం కేరళలో కళమెళుత్తు అని ఒకటుంది. అమ్మవారినో, నాగదేవతనో నేల మీద రంగు పొడులతో వేస్తారు. తెలుపుకి బియ్యప్పిండి, పసుపుకి పసుపే, నలుపుకి కాల్చిన ఊక, ఎరుపుకి పసుపూ సున్నమూ కలిపి, ఆకుపచ్చకి ఎండిన ఆకుల పొడి. గంటల తరబడి వేశాక పూజ, పాటలు. చివర్లో పూనకం వచ్చిన మనిషి ఆ బొమ్మ మీదకొచ్చి తొక్కి చెరిపేస్తాడు. గమనించారా? చెరపడం కూడా కార్యక్రమంలో భాగమే. అసలు ముఖ్య ఘట్టమే అది.

మన ఆంధ్రాలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర జరిపించారు. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు, లేదా చంకలో ఉండి ఉంటారు. కాలచక్రలో టిబెటన్ బౌద్ధ సన్యాసులు రంగు ఇసుకతో మండలం వేస్తారు. వాళ్ళ పనిముట్టు భలే ఉంటుంది. చక్‌పుర్ అంటారు. సన్నటి పొడుగాటి లోహపు గరాటు, దాని ఒంటి మీద గరుకు గాట్లు. ఇంకో కడ్డీతో ఆ గాట్ల మీద గీస్తుంటే, ఆ వణుకుకి ఇసుక నీళ్ళలా రేణువు రేణువుగా కారుతుంది. రోజుల తరబడి కూర్చుని వేస్తారు. అంతా అయ్యాక మండలాన్ని చెరిపి, ఇసుకని ఊడ్చి, ప్రవహించే నీళ్ళలో కలపడం సంప్రదాయం.

మేము చక్‌పుర్ ఎక్కడి నుంచి తెస్తాం? సాస్ సీసాల మూతికి చిన్న బెజ్జం పెట్టుకున్నాం. బార్డర్‌కి మాత్రం సంతలో దొరికే ముగ్గు గొట్టం దొర్లించాం. బ్రహ్మాండంగా పనిచేసింది.

ఇక్కడి దాకా చెప్పినవన్నీ దేవుడి కోసం, ఇంటి కోసం వేసినవి. మరి షో కోసం, విలాసం కోసం వేసినవి లేవా? ఉన్నాయి. ఇంగ్లండ్ వెళ్దాం.

18వ శతాబ్దం చివర్లో అక్కడ రాజుల ఇళ్ళలో, పెద్దవాళ్ళ ఇళ్ళలో విందు బల్ల అలంకరించడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు. బల్ల మీద గుడ్డ పరిచి రంగు ఇసుక, పాలరాతి పొడి, పంచదార పొడి చల్లి పూలు, పక్షులు, తీగలు వేసేవాడు. వాటి మధ్యలో వంటకాల పళ్ళేలు పెట్టేవాళ్ళు. భోజనాలు అయ్యాక గుడ్డ దులిపేయడమే. జర్మనీ ప్రాంతం నుంచి లండన్ వచ్చిన బెంజమిన్ జోబెల్ అనే మిఠాయి పనివాడు ఈ పనిలో పేరు తెచ్చుకున్నాడు. మూడో జార్జి రాజు కాలంలో విండ్సర్ కోటలో చేశాడు. ఆయనకి ఈ దులపడం నచ్చినట్టు లేదు. జిగురు పూసిన బోర్డు మీద ఇసుక చల్లి, అది ఊడిపోకుండా నిలబెట్టే పద్ధతి పట్టుకున్నాడు. గుర్రాలు, పులులు, పందులు, అన్నీ ఇసుకతోనే. అలా వేసిన ఇసుక చిత్రాల్లో కొన్ని ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి.

జోబెల్ గురించి చదివినప్పుడు నాకు ఆయన మీద జాలేసింది, కాస్త కోపం కూడా వచ్చింది. జాలి ఎందుకంటే, మా బొమ్మ పోయినప్పుడు నాకూ అట్నే అనిపించింది. కోపం ఎందుకంటే, జిగురు పూశాక అది మామూలు బొమ్మే కదా. గోడకి తగిలించుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మా అవ్వ ముగ్గుని ఎవరు అమ్మగలరు?

ర్యాంప్‌కి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది మాత్రం స్పెయిన్ వాళ్ళ టెనెరీఫె దీవిలో ఉంది. లా ఒరోటావా అనే ఊరు. కార్పస్ క్రిస్టీ పండగకి వీధుల్లో పూల తివాచీలు పరుస్తారు, 1847 నుంచీ ఉన్న అలవాటు. టౌన్‌హాల్ ముందు చౌకులో మాత్రం పూలు కాదు, ఇసుక. పక్కనే ఉన్న టెయిదె అగ్నిపర్వతం నుంచి తెచ్చిన మట్టి, ఇసుకలతో దాదాపు 900 చదరపు మీటర్ల బొమ్మ. రంగులు కలపరు. ఆ కొండ మీద ఎరుపు, నలుపు, పసుపు, బూడిద, గోధుమ, అన్నీ దొరుకుతాయి. నెల రోజులకి పైగా పడుతుంది వెయ్యడానికి. పండగ రోజు ఊరేగింపు దాని మీద నుంచే వెళ్తుంది. ఆ పొడవైన బాట మీద మనుషులు పద్ధతిగా నడుచుకుంటూ వస్తుంటే, రెండు పక్కలా జనం నిలబడి చూస్తుంటారు. దీన్ని ర్యాంప్ అనకపోతే ఇంకేమంటారు చెప్పండి.

ఫ్యాషన్ వాళ్ళ దగ్గరికి వద్దాం. ఇసుక ర్యాంప్‌లలో బాగా పేరొచ్చింది 2018 అక్టోబర్‌లో పారిస్‌లో షనెల్ పెట్టిన షో. గ్రాండ్ పాలె అనే పెద్ద గాజు కప్పు భవనం లోపల కార్ల్ లాగర్‌ఫెల్డ్ ఏకంగా ఒక బీచ్ కట్టించాడు. కింద ఇసుక, పక్కన నిజం నీళ్ళు, ఒడ్డుకొచ్చి తగిలే అలలు. మోడల్స్ చెప్పులు చేత్తో పట్టుకుని ఉత్తి కాళ్ళతో నడిచారు. తర్వాత కొన్ని నెలలకే, 2019 ఫిబ్రవరిలో లాగర్‌ఫెల్డ్ చనిపోయాడు. ఆ షో వీడియో మేము ప్లానింగ్ కోసం ఒక ఇరవై సార్లు చూసి ఉంటాం. మాకు పనికొచ్చిన ముక్క ఒక్కటే: చెప్పులు చేతిలో ఉన్నాయి. హీల్స్ వేసుకుని ఇసుకలో నడవడం కుదరదు. ఈ మాట నిర్వాహకులకి అర్థం చేయించడానికి మాకు రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు మా లెక్క. ర్యాంప్ పొడవు 40 అడుగులు, వెడల్పు 6 అడుగులు. ఒక అంగుళం మందం పోస్తే 20 ఘనపు అడుగుల ఇసుక. పొడి ఇసుక ఘనపు అడుగుకి సుమారు 45 కిలోలు తూగుతుంది. అంటే 900 కిలోలు. స్టేజీ కట్టినాయన ఈ నంబర్ వినగానే చేతులు అడ్డంగా ఊపాడు. అర అంగుళానికి దిగాం. 450 కిలోలు, తొమ్మిది బస్తాలు. కింద టార్పాలిన్, అంచులకి సన్న చెక్క పట్టీ.

మరి ఇసుక ఎక్కడిది? బీచ్ నుంచి నాలుగు బస్తాలు ఎత్తుకొచ్చేస్తే సరిపోయేదిగా అని మీరనుకోవచ్చు. కుదరదు. 1991లో తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు వచ్చాయి. తీరం నుంచి ఇసుక తవ్వి పట్టుకుపోవడం మీద అప్పటి నుంచే ఆంక్షలున్నాయి. అయినా, కోటలో కూర్చుని ఇసుక కోసం బీచ్‌కి పోవడం ఏంది? మా ఊరి పేరు చెబితే లారీలవాళ్ళకి గుర్తొచ్చేదే ఇసుక. అదీ మామూలు ఇసుక కాదు, సిలికా.

మా కోట, పక్కనే చిల్లకూరు, ఈ మండలాల్లో నేల కింద తెల్లటి సిలికా ఇసుక ఉంది. దూరం నుంచి చూస్తే పంచదార కుప్పలా ఉంటుంది. మామూలు ఇసుక ఎర్రగా, పసుపుగా ఉండటానికి ముఖ్య కారణం రేణువుల మీద ఉండే ఇనుము పొర. ఇనుము తక్కువగా, క్వార్ట్జ్ ఎక్కువగా ఉన్న ఇసుక తెల్లగా ఉంటుంది. గాజు తయారీకి కావాల్సింది అదే. ఇనుము ఎక్కువుంటే గాజు పచ్చబడుతుంది. మీరు ఈ ఎపిసోడ్ చూస్తున్న ఫోన్ గ్లాస్‌లో కూడా ముఖ్యమైన పదార్థం సిలికానే. అది మా ఊరిదే అని నేను చెప్పట్లేదు, ఆ జాతిది అంటున్నా.

మా ఇసుక లారీల్లో పోతూనే ఉంటుంది. అనుమతి ఉన్న తవ్వకాలు, లేని తవ్వకాలు, వాటి మీద గొడవలు, కేసులు, ఇవన్నీ ఏళ్ళ తరబడి పేపర్లో చూస్తున్నదే. రాజకీయం ఇక్కడ వద్దు. ఒక్క విషయం మాత్రం చెప్తా. ఇసుక నేల వాన నీటిని పట్టుకుని ఉంచుతుంది. సముద్రం పక్కనే ఉన్నా కొన్ని చోట్ల మంచినీళ్ళు దొరికేది అందుకే. దిబ్బ పోతే ఆ నీళ్ళు నిలవవు, ఉప్పునీరు లోపలికి వస్తుంది. మా పెదనాన్నకి తీరం వైపు సర్వి తోట ఉంది. ఆయన మా తొమ్మిది బస్తాలు చూసి, "ఫ్యాక్టరీ వాళ్ళు చాలక మీరు కూడా మొదలెట్టినారా?" అన్నాడు. నవ్వుతానే అన్నాడు గానీ, నేను నవ్వలేకపోయా. బిల్లు చూపించా. ఆయన బిల్లు చూళ్ళేదు.

అప్పుడు నాకు తట్టింది, పాతవాళ్ళ బొమ్మలకీ మా బొమ్మకీ తేడా. ముగ్గు పిండి చీమలకి పోయేది. మండలం ఇసుక ఏటికి పోయేది. మాది షో అయ్యాక ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించలేదు. ప్లానింగ్ షీట్‌లో లైటింగ్ ఉంది, డీజే ఉంది, ఫోటోగ్రాఫర్ టీ ఖర్చు కూడా ఉంది. ఇసుక వెనక్కి పోయే వరస లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, దుమ్ము. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. సిలికా సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. ఫ్యాషన్‌కీ దీనికీ చెడ్డ చరిత్ర ఉంది. పాతబడినట్టు వెలిసిపోయిన జీన్స్ ఉంటాయి కదా, వాటి కోసం గాలి ప్రెషర్‌తో బట్ట మీద ఇసుక కొట్టేవాళ్ళు. శాండ్‌బ్లాస్టింగ్ అంటారు. టర్కీలో చిన్న చిన్న గదుల్లో ఈ పని చేసిన కుర్రాళ్ళు సిలికోసిస్‌తో పడిపోయారు, ఎంతోమంది చనిపోయారు. అక్కడి డాక్టర్లు, కార్మికులు గొంతెత్తాక 2009లో టర్కీ ప్రభుత్వం ఆ పద్ధతిని నిషేధించింది. మరుసటి ఏడాది లెవైస్, హెచ్ అండ్ ఎం లాంటి కంపెనీలు కూడా మానేస్తున్నామని ప్రకటించాయి. చనిపోయినవాళ్ళలో చాలామంది వయసు మీ వయసే, నా వయసే.

అందుకని మేము జల్లెడ పట్టే పని ఆరుబయట, కాస్త తడి చల్లి, ఎన్95 మాస్కులు పెట్టుకుని చేశాం. సన్నటి పొడి మొత్తం తీసేసి, ముతక రేణువులే వాడాం. బొమ్మ గీతలు అంత నాజూగ్గా రాలేదు. పర్లేదు.

డిజైన్ వెంకటగిరి చీర నుంచే తీసుకున్నాం. జమ్దానీ బుటాలు, జరీ బార్డర్. తెల్ల ఇసుక నేల, నలుపుకి బొగ్గు పొడి, ఎరుపుకి ఇటుక పొడి, పసుపుకి పసుపే. బాగా వచ్చింది, అబద్ధమెందుకు. మధ్యాహ్నం మూడింటికి ఎవరో తెలీక పెద్ద ఫ్యాన్ ఆన్ చేశారు. ఒక మూల బుటాలన్నీ కలిసి మేఘంలా అయిపోయాయి. మళ్ళీ వేశాం. సాయంత్రానికి డెకరేషన్ చూసుకునే ఆయనొచ్చి "డల్‌గా ఉంది, కెమెరాలో పడదు" అని రాణి కలర్ కెమికల్ పొడి తెచ్చి బార్డర్ పొడుగునా పోయించాడు. మేము వద్దన్నాం. గట్టిగా అనలేదు. అది మా తప్పే.

షో మొదలైంది. మొదటి అమ్మాయి ఉత్తి కాళ్ళతో వచ్చింది. హాలంతా నిశ్శబ్దం. నాలుగో బుటా మీద అడుగు పడగానే వెనక వరసలో ఎవరో "అయ్యో" అన్నారు. నిజంగా అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇద్దరు, ముగ్గురు నడిచాక బొమ్మలో ఒక బాట పడింది. ఆరుగురు నడిచాక బొమ్మ పోయి అడుగుల వరస మిగిలింది. చీర కుచ్చిళ్ళు ఇసుకని ఈడ్చుకుంటూ పోతుంటే, ఆ ఈడ్చిన గీతలు మేము వేసిన గీతల కన్నా బాగున్నాయి.

తర్వాత వెనక గదిలో గొడవ. ఒక గోధుమరంగు చీర అంచుకి ఆ రాణి కలర్ అంటుకుంది. చాలా భాగం దులిపితే పోయింది, రెండు మూడు చోట్ల చెమటకో దేనికో తడిసి పట్టేసింది. ఆ చీర నేసినాయన అక్కడే ఉన్నాడు. ఆయన ఎవరినీ తిట్టలేదు. బొటనవేలితో అక్కడ రుద్ది చూశాడు. మేము సారీ చెప్తుంటే, చీర తిరగేసి చూపించాడు. "ఇటు చూడు అబ్బయ్యా, బుటా వెనక కూడా ముందు మాదిరే ఉంటది. దారం తెగ్గొట్టి ముడేసినట్టు కనపడకూడదు." అంతే అన్నాడు. మా నలుగురికీ ఏం మాట్లాడాలో తెలీలేదు. చీర డబ్బులు ఇప్పించడానికి నిర్వాహకుల చుట్టూ మూడు వారాలు తిరిగాం. చివరికి ఇచ్చారు.

ఆ రాత్రి మిగిలింది ఇసుక. రంగు కలిసిన దాన్ని పక్కన డ్రెయినేజీ కాలవలో పోసేయమన్నారు. చీపురు నా చేతిలో ఉంది కాబట్టి నేను పొయ్యలేదు. తెల్లవారుజాము రెండింటి దాకా కూర్చుని వేరు చేశాం. రాణి కలర్ కలిసింది రెండు బస్తాలు తేలింది. దాన్ని సిమెంటు పనికి ఇచ్చేశాం, పునాదిలోకి పోయింది. బొగ్గు, ఇటుక, పసుపు కలిసింది మూడు బస్తాలు, ఫ్రెండ్ వాళ్ళ పూలకుండీల మట్టిలో కలిపాం. శుభ్రంగా తెల్లగా మిగిలింది నాలుగు బస్తాలకి కాస్త తక్కువ. మూడు బస్తాలు పెదనాన్న తోటలో, గాలికి కోసుకుపోయిన గట్టు దగ్గర పోశాం. ఆయన అప్పుడు కూడా నవ్వాడు. దాంతో గట్టు నిలబడుతుందని మాకెవరికీ భ్రమ లేదు.

చివరి బస్తా మా అవ్వ ఆపేసుకుంది. కడిగి, ఎండబెట్టి, ఇనప మూకుట్లో పోసింది. ఇప్పుడు మా ఇంట్లో వేరుశనక్కాయలు వేగేది ఆ ఇసుకలోనే.